గడిలో ఉన్నది, కనిపించేది

శంషాబాద్‌లో చిన్న ఉద్యోగాల ప్రకటనలు ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే కనిపిస్తాయి. కార్గోలో డేటా ఎంట్రీ, గోడౌన్‌లో స్టాక్ అసిస్టెంట్, హోటల్ స్టోర్స్, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. జీతం ఎంతో కొన్నిటి మీద ఉంటుంది, కొన్నిటి మీద ఉండదు. రూమ్ ఫ్రీ అని కొన్ని చెప్తాయి, కొన్ని చెప్పవు. ఒక షరతు మాత్రం చాలా కాగితాల మీద ఉంటుంది: ‘బేసిక్ ఎక్సెల్ వచ్చి ఉండాలి’. ఆ బేసిక్ అంటే ఎంత అన్నది ఎవరూ రాయరు. బస్టాండు దగ్గర మేడమెట్ల పక్కన ‘ఎంఎస్ ఆఫీస్, టాలీ, డీటీపీ’ అని బోర్డులు పెట్టుకున్న ఇన్‌స్టిట్యూట్‌లు కూడా ఆ మాటకి తలా ఒక అర్థం చెప్తాయి. ఒకప్పుడు ‘టెన్త్ పాస్’ అన్నది ఎలా ఉండేదో ఇప్పుడు ఇదలా ఉంది. లోపలికి రానివ్వడానికి ఒక గడప.

నేను పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా లోకంలో ఎక్సెల్ అంటే కొంచెం చిన్నచూపు. కోడ్ రాయడం రాని మేనేజర్లు వాడుకునే వస్తువు. ఎవరైనా డేటా అంతా ఒక షీట్‌లో పెట్టి పంపితే మీటింగ్‌లో నవ్వుకుంటాం. అలాంటి వస్తువు దగ్గర నిరుడు వరసగా పది పన్నెండు ఆదివారాలు కూర్చోవలసి వచ్చింది. ఆ గడపలో ఏముందో, దాన్ని దాటితే ఏం దొరుకుతుందో అప్పుడు కాస్త దగ్గర నుంచి చూశాను.

నేర్చుకున్నావిడ మా వెనక సందులో ఉంటుంది. సందులో అందరూ అక్క అనే పిలుస్తారు, నేనూ అంతే. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇటు మళ్ళిన తర్వాత ఈ ఊరికి వచ్చిపడ్డ వేలమందిలో ఆవిడ ఒకరు. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయం చుట్టూ పనిచేసే ఎన్నో కాంట్రాక్టు సంస్థల్లో ఒకదాంట్లో క్లీనింగ్ పని. మూడు షిఫ్టులు, ముప్పైమంది జట్టు. జట్టు మీదున్న సూపర్‌వైజర్ మానేశాడు. రోజూ హాజరు షీట్ తయారుచేసి పంపగలిగితే ఆ పని నీకే ఇస్తాం, జీతం నాలుగువేలు ఎక్కువ అన్నారు.

“ముప్పైమంది తోని పని జేయించనీకి వస్తది తమ్మీ. గా షీటొక్కటే రాదు,” అంది.

జట్టు లెక్క అప్పటికే ఆవిడ దగ్గర ఉంది. పొడుగు నోటుబుక్కు. పేజీకొక మనిషి. వచ్చిన రోజుకి టిక్కు, రాని రోజుకి సున్నా, ఓటీ చేసిన గంటకొక గీత, అయిదో గీత అడ్డంగా. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. “రేపు ఎవరన్న నన్నడిగితే చెప్పాలె గదా” అని రాసుకుందట. ఈ నోటుబుక్కుతో తర్వాత పని పడుతుంది.

మొదటి ఆదివారం మాటల దగ్గరే గడిచిపోయింది. “ఈ సెల్‌లో పేరు కొట్టండి” అంటే ఆవిడ తన ఫోన్ తీసింది. తెలుగులో సెల్ అంటే ఫోనే మరి. అప్పటినుంచి మేము గడి అనుకున్నాం. పదకేళీ గళ్ళు నింపే అలవాటున్న నాకు ఆ మాటే బాగుంది. నిలువు, అడ్డం, గడి. నిలువుకి అక్షరం, అడ్డానికి అంకె. రెండూ కలిస్తే గడి చిరునామా. “మా కాలనీల గల్లీ నంబరు, ఇంటి నంబరు లెక్కన” అంది. ఇంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆవిడకి ముందు కావలసింది లెక్క కాదు, అందం. పాత సూపర్‌వైజర్ పంపిన షీట్ ఫోన్‌లో ఉంది. పైన పెద్ద శీర్షిక, నీలం రంగు, చుట్టూ మందపు గీతలు. “ముందు గిట్ల చేసుడు నేర్పు.” సరే అని గీతలు, రంగు, బోల్డు, నిలువు వెడల్పు సరిచేయడం, పేరు పొడుగైతే అదే గడిలో రెండో వరసకి దింపడం, కిందికి జరిపినా శీర్షిక కదలకుండా కట్టేయడం చూపించాను. ఇవి నేర్చుకోవడానికి గంట చాలు. ఆ గంట తర్వాత మనిషి కూర్చునే తీరు మారుతుంది. తెర మీద తన చేత్తో చేసిన పట్టిక ఉంటుంది, ఆఫీసు కాగితంలా ఉంటుంది.

పట్టిక అందంగా ఉండటం వేరు, లెక్కకి పనికిరావడం వేరు. పాత షీట్‌లో ఒకే గడిలో షిఫ్టు, వచ్చిన టైము, ఓటీ అన్నీ కలిపి కొట్టి ఉన్నాయి. చదివేవాళ్ళకి అర్థమవుతుంది, కూడమంటే షీట్‌కి అర్థం కాదు. మధ్యమధ్యలో గళ్ళు కలిపేసి ‘నైట్ షిఫ్ట్’ అని పెద్దగా రాశారు. చూడటానికి బాగుంది కానీ పేర్లని వరసలో పెట్టబోతే షీట్ మొరాయిస్తుంది. అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒక నిలువులో ఒకే రకం సంగతి. ఒక అడ్డంలో ఒక్క మనిషి ఒక్క రోజు. ఈ రెండూ పాటిస్తే షీట్‌తో సగం తగువు తీరిపోతుంది. డేటాబేస్‌ల గురించి ఇంజినీరింగ్‌లో ఒక సెమిస్టర్ అంతా మాకు చెప్పింది కూడా చివరికి ఇదే.

ఇంకో చిన్న సంగతి. నా లాప్‌టాప్ అమెరికా పద్ధతిలో ఉంది కాబట్టి లక్ష కొడితే 100,000 అని చూపించింది. ఆవిడ వేలితో సున్నాలు లెక్కపెట్టింది. “వందా, వెయ్యా?” విండోస్‌లో దేశం ఇండియా అని మార్చాక కామా జరిగి 1,00,000 అయింది. ఆవిడ మొహం తేటపడింది. అంకె మారలేదు, కామా ఒక్కటే మారింది. నేను తర్వాత చెప్పబోయేదంతా ఈ కామాలోనే ఉంది.

రెండో వారం కూడికలు. ఫార్ములా మొదట సమానం గుర్తు పెట్టాలంటే ఆవిడకి విచిత్రంగా అనిపించింది. బడిలో ఆ గుర్తు లెక్క చివర, జవాబుకి ముందు వస్తుంది. ఇక్కడ మొదట్లోనే వస్తుంది. “జవాబు ముందల్నే అడుగుతున్నమన్నట్టు,” అని తనే సర్దిచెప్పుకుంది. సమ్ అని రాసి, బ్రాకెట్లో మొదటి గడి, రెండు చుక్కలు, చివరి గడి. అడుగున మొత్తం వచ్చింది. తర్వాత మధ్యలో ఒక అంకె మార్చమన్నాను. మొత్తం దానంతట అదే మారింది. ఆవిడ మళ్ళీ మార్చింది. మళ్ళీ మారింది. అలా అయిదారుసార్లు చేసింది.

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్ అనే అతను నల్లబల్ల మీద గళ్ళు గీసి లెక్కలు చేస్తున్న ప్రొఫెసర్‌ని చూశాడు. ఒక అంకె తప్పు పడితే దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. ఆ చెరిపి రాసే పని బల్లే చేసుకుంటే ఎలా ఉంటుందన్నదే అతని ఊహ. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో యాపిల్ టూ మీద విసికాల్క్‌గా బయటికి తెచ్చాడు. ఆ తర్వాత లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్. ఈ నలభై అయిదేళ్ళలో వచ్చిన హంగులన్నీ తీసేసినా ఆ మొదటి ఊహ ఒక్కటే మిగిలుతుంది: ఒకటి మారిస్తే మిగతావి మారాలి. అక్క అంకె మార్చి మార్చి చూసింది ఆ ఊహనే.

మూడో వారం తేదీలు, టైములు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గుర్తున్న తేదీ ఏదైనా చెప్పమంటే, ఎయిర్‌పోర్టు మొదలైన తేదీ పెట్టమంది. 2008 మార్చి 23 అని కొట్టాం. తర్వాత ఆ గడి తీరుని తేదీ నుంచి మామూలు అంకెగా మార్చాను. తేదీ పోయి 39530 వచ్చింది.

ఎక్సెల్‌కి తేదీలు తెలియవు. దానికి తెలిసింది లెక్కపెట్టడం. 1900 జనవరి 1 ఒకటో రోజు. అక్కడినుంచి రోజుకొకటి. ఆ ఏడాది ఫిబ్రవరికి నిజంగా లేని 29వ తేదీని కూడా అది లెక్కలో వేసుకుంటుంది. అది లోటస్ నుంచి వచ్చిన తప్పు, దానితో పొంతన చెడకూడదని అలాగే ఉంచేశారు. శంషాబాద్‌లో విమానం దిగడం మొదలైన రోజు దాని దృష్టిలో 39530వ రోజు. మనకి మార్చి 23లా కనిపించడం పైన వేసిన చొక్కా. టైము కూడా అంతే. రోజంటే ఒకటి, కాబట్టి పొద్దున ఆరంటే పావు, 0.25. మధ్యాహ్నం పన్నెండు 0.5. సాయంత్రం ఆరు 0.75.

అక్క కాసేపు ఆలోచించి, “అంటే లోపలొకటి, పైకొకటి” అంది.

అదే. గడిలో ఉన్నదొకటి, గడిలో కనిపించేదొకటి. స్ప్రెడ్‌షీట్ నేర్చుకోవడమంటే ఈ రెంటినీ విడిగా చూడటం నేర్చుకోవడం. మిగతాదంతా మెనూలో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడమే.

తర్వాత వచ్చిన టైము ఒక నిలువులో, వెళ్ళిన టైము పక్క నిలువులో వేసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేశాం. పొద్దున షిఫ్టు: ఆరు నుంచి రెండు, 8:00. మధ్యాహ్నం షిఫ్టు: రెండు నుంచి రాత్రి పది, 8:00. నైట్ షిఫ్టు దగ్గరికి వచ్చేసరికి గడి నిండా అడ్డగీతల గుర్తులు, #####. ఆవిడ నిలువు వెడల్పు పెంచింది. గుర్తులు ఇంకా ఎక్కువయ్యాయి.

“రాత్రి పదికి ఎక్కినోళ్ళు పొద్దుగాల ఆరింటికి దిగుతరు. దీనికి గది గూడ తెల్వదా?”

తెలియదు. పావులోంచి 0.92 తీసెయ్యమన్నాం. రుణసంఖ్య వచ్చింది. ఎక్సెల్ రుణకాలాన్ని చూపించలేదు, అందుకే గడిని గీతలతో నింపేసింది. అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుందన్న సంగతి దానికి మనమే చెప్పాలి. మాడ్ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది. భాగించగా మిగిలిన శేషాన్ని ఇస్తుంది. వెళ్ళిన టైములోంచి వచ్చిన టైము తీసి, ఒకటితో భాగిస్తే మిగిలేదెంత అని అడిగితే, అర్ధరాత్రి దాటినా దాటకపోయినా సరైన జవాబే వస్తుంది. 8:00 వచ్చింది. రాత్రింబవళ్ళు విమానాలు దిగే ఊళ్ళో మూడోవంతు పని అర్ధరాత్రిని దాటే పనే. పగటి ఆఫీసుల్ని దృష్టిలో పెట్టుకుని చేసిన పాఠాల్లో ఇది చివర్లో ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. శంషాబాద్‌లో ఇది బేసిక్.

ఆ వారమే సాధన కోసమని ఆవిడ నోటుబుక్కులోంచి ఒక నెల ఓటీని షీట్‌లోకి ఎక్కించాం. ఒకామె పేజీలో ఇరవై ఎనిమిది గీతలున్నాయి. తర్వాతి షిఫ్టు మనిషి రాక ఏడుసార్లు నాలుగేసి గంటలు ఆగిపోయిందట. ఏడు గళ్ళలో 4:00 కొట్టి సమ్ పెట్టాం. అడుగున వచ్చిన మొత్తం: 4:00.

అక్క నోటుబుక్కు చూసింది. తెర చూసింది. గీతలు మళ్ళీ లెక్కపెట్టింది. తర్వాత ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి, ఆ నెల ఆఫీసు నుంచి వచ్చిన జీతాల షీట్ తెరిచింది. ఆ మనిషి పేరు ముందు ఓటీ గంటలు: 4.

కారణం చిన్నది. ఇరవై ఎనిమిది గంటలంటే షీట్ లోపల ఒక రోజూ నాలుగు గంటలూ, 1.17. గడి తీరు గడియారంలా ఉంది. గడియారం ఇరవై నాలుగు దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. నిండు రోజుని మింగేసి మిగిలిన నాలుగు గంటలే చూపిస్తుంది. తీరు రాసే చోట గంటలకి గుర్తయిన హెచ్ అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే చాలు. అప్పుడది గడియారంలా చూపించడం మానేసి మొత్తం గంటలు చూపిస్తుంది, 28:00. ఆఫీసులో ఎవరో ఆ బ్రాకెట్లు లేని షీట్ ప్రింటు తీసి, కాగితం చూసి జీతాల షీట్‌లోకి చేత్తో ఎక్కించారు. లోపల ఉన్న సరైన అంకె లోపలే ఉండిపోయింది. కనిపించింది మాత్రం ప్రయాణం చేసింది.

డబ్బుల్లో చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి మామూలు గంటకి 60 రూపాయలనుకుందాం. ఓటీకి రెట్టింపు ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాసిన మాట. గంటకి 120. ఇరవై ఎనిమిది గంటలకి 3,360. నాలుగు గంటలకి 480. తేడా 2,880. ఎవరో తెలివిగా గంటల గడినే నేరుగా 120తో గుణిస్తే ఇంకా ఘోరం, 140 రూపాయలు వస్తుంది. గడి లోపల ఉన్నది గంటలు కాదు, రోజులు మరి. ముందు 24తో గుణించాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ తప్పు ఎవరికి తగులుతుందన్నది. ఇరవై నాలుగు గంటల లోపు ఓటీ చేసినవాళ్ళ లెక్క సరిగ్గానే వస్తుంది. పది చేస్తే పది, ఇరవై మూడు చేస్తే ఇరవై మూడు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. సరిగ్గా ఇరవై నాలుగు చేసినవాళ్ళ ముందు 0:00 ఉంటుంది. అంతకు మించి చేసినవాళ్ళు అందరికంటే అడుగున ఉంటారు. ఎక్కువ పనిచేసినవాళ్ళకే తక్కువ వస్తుంది. ఎవరో కుట్ర చేసి ఇలాంటి ఫార్ములా రాయాలంటే కష్టపడాలి. ఇక్కడ అజాగ్రత్త ఒక్కటే సరిపోయింది.

సోమవారం ఆవిడ నోటుబుక్కు, ప్రింటు కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి కుర్రాడు “సిస్టమ్‌ల అట్లనే వచ్చింది అక్కా” అన్నాడట. ఈ మాట మనందరం ఏదో ఒక కౌంటర్ దగ్గర విన్నదే. సాధారణంగా సంభాషణ అక్కడితో అయిపోతుంది. ఈసారి అవలేదు. “సిస్టమ్‌ల ఇరవై ఎనిమిదే ఉన్నది బిడ్డా. నీకు సూపిచ్చుడే నాలుగు సూపిస్తుంది. గా గడి మీద పెట్టి తీరు మార్చి సూడు” అందట. మార్చి చూశాడు. పక్కన ఇంకో ముగ్గురి గంటలు కూడా పెరిగాయి.

ఆ నెల నుంచి షీట్ సరిచేశారు. పాత బాకీ మాత్రం ఆవిడ నోటుబుక్కులో గీతలున్న నెలలకే ఇచ్చారు. అంతకు ముందువాటికి ఆధారమేదీ అన్నారు. పాత షీట్లు ఎవరి దగ్గరా లేవు. అక్కకి సూపర్‌వైజర్ పని వచ్చింది. వచ్చిందని చెప్తూ, “ఆ పిల్లకి ఇంకా ఎన్ని నెలలయి పోయినయో” అంది. దానికి ఫార్ములా లేదు.

ఇంత చిన్న తప్పు ఎంత దూరం పోగలదో లోకానికి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు ఒక పత్రం రాశారు. దేశం అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే అభివృద్ధి బాగా పడిపోతుందని దాని సారాంశం. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలనేవాళ్ళు దాన్ని తెగ ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు పనిలో భాగంగా ఆ లెక్కని తిరిగి చేయబోతే కుదరలేదు. రచయితల దగ్గర్నుంచి అసలు షీట్ తెప్పించుకుని చూశాడు. 30వ వరస నుంచి 49 దాకా తీయవలసిన సగటు 44 దగ్గర ఆగిపోయింది. అయిదు దేశాలు లెక్కలోకే రాలేదు. ఆ పత్రం మీద అతనికున్న అభ్యంతరాల్లో ఇది ఒకటి మాత్రమే, తేడాలో ఎక్కువ భాగం దీనివల్ల వచ్చిందీ కాదు. అయినా అందరికీ గుర్తుండిపోయింది ఇదే. ఆ తప్పు బేసిక్ ఎక్సెల్. దాన్ని పట్టుకున్న నైపుణ్యమూ బేసిక్ ఎక్సెల్లే. గడి మీద నొక్కి, ఫార్ములా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూడటం.

హెర్న్‌డన్ దగ్గర అసలు షీట్ ఉంది. అక్క దగ్గర నోటుబుక్కు ఉంది. పోల్చడానికి రెండోది ఒకటి ఉండాలి. తెర మీది అంకెని నమ్మాలో వద్దో తెర చెప్పదు.

పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఈ ఆదివారాల్లో ఒక పాత వాదం తరచు గుర్తొచ్చేది. వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని మనం దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాం. చివరికి రెండూ విడదీయలేనివి అని రాజీపడి టీ తాగుతాం. కథలో అది నిజమే కావచ్చు. షీట్‌లో మాత్రం అవి నిజంగానే వేరువేరు చోట్ల ఉంటాయి. వస్తువు గడి లోపల, శిల్పం గడి పైన. విడదీసి చూడొచ్చు, ఒకదాన్ని ముట్టుకోకుండా ఇంకోదాన్ని మార్చొచ్చు. అలా విడిగా ఉన్నా, చదివేవాడి చేతికి అందేది శిల్పమే. జీతం లెక్క కట్టినవాడు కూడా పాఠకుడే. పైపైన చదివాడు. నెలకి ఎన్నో జీవితాల్ని నడిపించే రచనలు ఈ పట్టికలు. వాటిని సమీక్షించేవాళ్ళు లేరు. జట్టులో ఒకరికైనా గడి లోపలికి చూడటం వస్తే, ఆ పట్టికకి కనీసం ఒక విమర్శకురాలు ఉన్నట్టు.

అందుకే స్తంభం మీది కాగితంలో ‘బేసిక్’ అన్న మాట నాకిప్పుడు రెండు రకాలుగా వినిపిస్తుంది. ఉద్యోగమిచ్చేవాళ్ళకి దాని అర్థం: మేం చెప్పిన పట్టికని గీతలు గీసి, రంగులు వేసి, టైముకి పంపాలి. అది చేతిపని. అది వస్తే ఉద్యోగం వస్తుంది, ఆ నాలుగువేలు చిన్నవేం కావు. కానీ ఇంకొంచెం ముందుకెళ్ళి కూడిక ఎలా జరుగుతోందో నేర్చుకున్న మనిషికి, తన గురించి ఇంకొకరు తయారుచేసిన పట్టికని చదవడం వస్తుంది. కరెంటు బిల్లు, చిట్టీ పాట, గోల్డ్ లోన్ వాయిదా, ఫ్లాటు కొన్నప్పుడు బిల్డర్ ఇచ్చే కాగితం, అన్నీ పట్టికలే. మన దగ్గర వడ్డీ నూటికి రెండు రూపాయలంటే నెలకి. బ్యాంకు కాగితంలో శాతం అంటే ఏడాదికి. 2 పక్కన 14 చూసి బ్యాంకే ఎక్కువనుకునేవాళ్ళని నేను చూశాను. ఒక గడిలో రెండుని పన్నెండుతో గుణిస్తే ఇరవై నాలుగని వస్తుంది. అంతే లెక్క. ఆ గుణకారం చేయాలని తట్టడమే చదువు.

చివరి ఆదివారాల్లో ఒకసారి అక్క తన సొంత పని ఒకటి తెచ్చింది. షాద్‌నగర్ అవతల వాళ్ళ నాయన భూమి, మూడు ముక్కలు, ముగ్గురు పిల్లలు. పాస్‌బుక్కులో విస్తీర్ణాలు 1.30, 1.30, 0.25 అని ఉన్నాయి. ముగ్గురికీ ఎంతెంత వస్తుందో షీట్‌లో చూద్దామంది. మొదటి గడిలో 1.30 కొట్టి ఎంటర్ నొక్కగానే చివరి సున్నా మాయమై 1.3 అయింది. “గిదేంది? ఎకరం మూడు గుంటలైతదా?” అంది. మూడూ కొట్టి సమ్ పెడితే 2.85 వచ్చింది. మూడుతో భాగిస్తే 0.95. ఆవిడ పకపకా నవ్వింది.

“ఎనభై అయిదు గుంటలేంది తమ్మీ? నలభైకే ఎకరం నిండుతది గదా.”

ఆ చుక్క దశాంశ బిందువు కాదు. ఎడమ పక్క ఎకరాలు, కుడి పక్క గుంటలు. నలభై గుంటలు ఎకరం. పట్వారీల కాలం నుంచి ఊళ్ళో అందరికీ తెలిసిన రాత అది. షీట్ దాన్ని నూటికి లెక్కపెట్టింది. కాగితం మీద ఎకరానికి పైగా భూమి పోయింది. ఈసారి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడే ఎకరాలు ఒక నిలువులో, గుంటలు పక్క నిలువులో వేసింది. ఒక నిలువులో ఒకే రకం సంగతి. ఎకరాలు కూడితే 2, గుంటలు కూడితే 85. కాసేపు ఆగి అడిగింది:

“నైట్ డ్యూటీకి పెట్టినం సూడు, మాడ్. గది నలభైకి గూడ పెట్టొచ్చా?”

పెట్టొచ్చు. ఎనభై అయిదుని నలభైతో భాగిస్తే శేషం 5. నిండిన ఎకరాలు రెండు, అవి పక్క నిలువుకి. మొత్తం 4 ఎకరాల 5 గుంటలు. అంతా గుంటల్లోకి మార్చి, 165ని మూడుతో భాగించి, మళ్ళీ ఎకరాల్లోకి తెచ్చింది. ఒక్కొక్కరికి ఎకరం 15 గుంటలు. ముగ్గురి వాటాలూ కూడి చూసింది. 4 ఎకరాల 5 గుంటలే వచ్చింది. తర్వాత నోటుబుక్కు తీసి, చివరి పేజీలో అదే లెక్క పెన్నుతో ఇంకోసారి వేసుకుంది.